లోడు గాల్లో ఉండగా

ఆమెకి రేడియో అని పేరు పెట్టింది పుట్టింటివాళ్ళే. చిన్నప్పుడు కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది కనక ఆ పేరు. పెళ్ళయ్యాక పేరు వెంట వచ్చింది గానీ, వాగుడు మాత్రం దార్లో ఎక్కడో దిగిపోయింది. ఎవరు ఏం అడిగినా "సరే" అనడం అలవాటైంది. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. నాలుక లేకపోవడంలో అంత మెచ్చుకోవలసిందేముందో ఆ మెచ్చుకున్నవాళ్ళే చెప్పాలి.

అలాంటి మనిషికి దొరికింది మాట్లాడే ఉద్యోగం. పెద్ద భవనాలు కట్టే కంపెనీలో ఆమె సిగ్నల్ మనిషి. క్రేను నడిపే పెద్దాయన ఎక్కడో ఆకాశంలో అద్దాల గదిలో కూర్చుంటాడు. సైటులో ఆయన్ని అందరూ పైవాడు అంటారు. "పైవాడి దయ ఉంటే ఈ పూట ఇటుకలొస్తాయి" అని రోజూ ఎవడో ఒకడు అంటాడు, రోజూ ఎవడో ఒకడు నవ్వుతాడు. కాకపోతే ఈ పైవాడికి అన్నీ కనబడవు. భవనం వెనక గోతిలోకి ఏదైనా దించాలంటే ఆయన చూపు గోడ దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణించి ఆయన కళ్ళు ఆమె. గోతి అంచున నిలబడి, వాకీటాకీ మీట నొక్కిపట్టి, లోడు ఎటు వెళ్ళాలో చెబుతుంది. ఆమె చెప్పిన వైపే ఆయన నడుపుతాడు.

దీనికి ఒక కట్టుబాటుంది. లోడు గాల్లో కదులుతున్నంతసేపు గొంతు ఆగకూడదు. "తిప్పు, తిప్పు, తిప్పు" అంటూనే ఉండాలి, లేదా "దించు, దించు, దించు" అంటూనే ఉండాలి. "మెల్లగా ఆపు" అని చెబితే ఆయన కాస్త కాస్తగా తగ్గిస్తూ ఆపుతాడు, లోడు కుదురుగా నిలబడుతుంది. ఏమీ చెప్పకుండా గొంతు ఆగిపోయిందంటే మాత్రం, వాకీటాకీ చచ్చిందో మనిషే పడిపోయిందో తెలీదు కనక, ఉన్నపళంగా బ్రేకు వేస్తాడు. అప్పుడు లోడు ఊగుతుంది. క్రేను దగ్గర పనిచేసేవాళ్ళకి ఇవి ఓనమాలు.

ఈ పనిలో ఆమెకి మంచి పేరుండేది. ఇంట్లో "సరే" తప్ప రాని గొంతు గోతి అంచున గంటలా మోగేది. ఆ పేరు చూసుకునే తమ్ముణ్ణి కూడా అదే సైటులో పెట్టించింది. లోడుకి బెల్టులు బిగించడం, గోతిలో నిలబడి లోడుకి వేలాడే తాడు పట్టుకుని సర్దడం అతని పని. "మా అక్క గొంతు వినబడితే చాలు, నేను కింద కళ్ళు మూసుకుని నిలబడతా" అని అందరితో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి గర్వంగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

వానలకి ముందు ఒక రోజు ఇనప కడ్డీల కట్ట దించుతున్నారు. పెద్ద లోడేమీ కాదు. కట్ట లేచింది, భవనం మూల దాకా వచ్చింది. "తిప్పు, తిప్పు, తిప్పు" అంటోంది ఆమె. గాలి లేదు, వాన లేదు, ఎవరూ అడ్డం రాలేదు. ఉన్నట్టుండి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. నోరు తెరిచే ఉంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి, మాట బయటికి రాలేదు. పైన బ్రేకు పడింది. కట్ట ఊగుతూ వెళ్ళి తమ్ముడి తల పక్కనే గోడని కొట్టింది. సిమెంటు పెళ్ళలు ఊడి అతని హెల్మెట్ మీద రాలాయి.

తమ్ముడు దులుపుకుని నవ్వాడు. "గోడకి తగిలిందక్కా, నాకు కాదు" అన్నాడు. సాయంత్రం దాకా కిందికి దిగని పైవాడు ఆ రోజు నిచ్చెన మెట్లన్నీ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు.

ఏమైందో తెలిస్తే కదా చెప్పడానికి. ఆయన మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు వాకీటాకీ చేతిలోకి తీసుకుని మీట నొక్కింది. మొదటి మాటకే గొంతు పట్టేసింది. ఇంజనీరు చెడ్డవాడు కాదు. ఆమెని గేటు పక్కన రేకుల గదిలో హెల్మెట్లు ఇచ్చే పనిలో కూర్చోబెట్టాడు. అక్కడ మాట్లాడే అవసరం లేదు. వచ్చినవాడి తల చూసి హెల్మెట్ ఇవ్వడమే. అయినా ఆమెకి కుదురు లేదు. వెనకవైపు క్రేను కదిలిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో హెల్మెట్ కింద పెట్టి లేచేది. ఇప్పుడు గోతి అంచున ఇంకో సైటు నుంచి అప్పుడప్పుడు వచ్చే కుర్రాడు నిలబడుతున్నాడు. వాడి గొంతు ఎలాంటిదో, వాడు ఎటు చూస్తున్నాడో, తమ్ముడు ఎక్కడ నిలబడ్డాడో అని ఆమె రేకు సందుల్లోంచి తొంగి చూస్తూనే ఉండేది. ఇంట్లో కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేది. నిద్ర పడితే కట్ట ఊగుతూ వచ్చేది, పట్టకపోతే కప్పు మీద కనబడేది.

ఒక రోజు ఇంజనీరు రేకుల గదికి వచ్చాడు.

"భవనం మొత్తానికి చల్లగాలి పంపే ఏసీ యంత్రం వస్తోందమ్మా. చిన్న గదంత ఉంటుంది. వెనక గోతిలోకే దించాలి. అప్పటికి నీ వల్ల అవుతుందంటే నువ్వే చెయ్యి. నీ పని నీదే. కాదంటే వేరే మనిషిని పర్మనెంటుగా తెచ్చుకుంటాను, నువ్వు ఇక్కడే ఉండు. ఇందులో తప్పేం లేదు. ఏదో ఒకటి మాత్రం నోరు తెరిచి చెప్పు. చెప్పకుండా ఊరుకోవద్దు."

ఆమె తలూపింది. అవుననో కాదనో ఆయనకి అర్థం కాలేదు. ఆమెకీ అర్థం కాలేదు. అంత పెద్ద యంత్రం కింద తమ్ముడుంటాడు. తన గొంతు ఆగినా ప్రమాదమే, పరాయి గొంతుకి వాణ్ణి అప్పజెప్పినా ప్రమాదమే. ఆ మధ్యాహ్నం చిన్న తలవాడికి పెద్ద హెల్మెట్, పెద్ద తలవాడికి చిన్న హెల్మెట్ ఇచ్చింది.

యోగాకి ఆమె తనంతట తను వెళ్ళలేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. టైర్ల షాపు పైన హాల్లో పొద్దున్నే యోగా చెబుతున్నారని ఎవరో అంటే ఆవిడ చేరింది. చాపలూ, దిండూ, నీళ్ళ సీసా, మోకాళ్ళకి రాసుకునే నూనె సీసా, అన్నీ కలిసి పెద్ద సంచి. అది మొయ్యడానికి ఒక మనిషి కావాలి.

"నువ్వూ రా. హెల్మెట్లు ఎక్కడికీ పారిపోవులే. పైగా నీకు బ్యాటరీ అయిపోయినట్టుంది, ఆ టీచరేమైనా చార్జింగ్ పెడుతుందేమో చూద్దాం" అంది అత్తగారు.

"సరే" అంది ఆమె. సంచి భుజాన వేసుకుంది.

టీచరు ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, పేషెంట్ల వార్డులో తిరిగినట్టే చాపల మధ్య చకచకా తిరుగుతుంది. కింద షాపులో టైర్లకి గాలి పట్టే యంత్రం ఉండుండి బుస్సుమంటుంది. మిగతావాళ్ళకి అది అలవాటైపోయింది. ఆమె మాత్రం బుస్సుమన్నప్పుడల్లా తల పైకెత్తి చూసేది, ఏదో పడబోతోందన్నట్టు.

మొదటి రోజు చివర్లో శవాసనం వెయ్యమన్నారు. అత్తగారు ఇందులో ఆరితేరిన మనిషి, పడుకున్న మరుక్షణం గురక పెట్టింది. ఆమె కళ్ళు మూసుకుంది. కట్ట ఊగుతూ వచ్చింది. ఒళ్ళు వదులు చెయ్యమని టీచరు చెబుతున్న కొద్దీ ఇంకా బిగుసుకుంది. గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలెట్టింది. ఇంకాసేపు ఇలా ఉంటే నిజంగానే శవమైపోతానేమోనని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది.

టీచరు వెనకే వచ్చింది. పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"కళ్ళు మూసుకుంటే భయం వేసిందా?"

తలూపింది.

"కొందరికి అలాగే ఉంటుంది. రేపట్నించి కళ్ళు తెరుచుకునే పడుకో. వెల్లకిలా వద్దు, గోడ వైపు వీపు ఆనించి పక్కకి తిరిగి పడుకో. భయమేస్తే లేచి కూర్చో. ఒకటే షరతు. లేచేముందు చెప్పి లే. నేను వార్డులో పనిచేసినదాన్ని, చెప్పకుండా మంచం దిగిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట."

మర్నాడు రాకూడదనే అనుకుంది. కానీ సంచి ఎవరు మోస్తారు? అలా మోస్తూ మోస్తూనే వెళ్ళడం అలవాటైంది.

వెళ్ళగా వెళ్ళగా టీచరు ఒకటి కనిపెట్టింది. చేతులు పైకి ఎత్తమంటే ఆమె ఊపిరి బిగబట్టేది. దించేదాకా వదిలేది కాదు. అంతటితో అయిపోలేదు. ఎదురుగా ఇంకెవరైనా చెయ్యి ఎత్తినా, కాలు ఎత్తినా కూడా ఊపిరి బిగబట్టేది.

"వాళ్ళ కాళ్ళు కూడా నువ్వే మోస్తున్నావా ఏంటి?" అంది టీచరు. "ముఖం చూడు, ఎలా కందిందో. ఏం పని చేస్తావు నువ్వు?"

ఆమె చెప్పబోయింది. మాట సగంలో తెగింది. అత్తగారు అందుకుని క్రేనూ పైవాడూ గోతీ అంతా వర్ణించి, చివర్లో తన మోకాళ్ళ సంగతి కూడా కలిపి చెప్పింది. టీచరు మోకాళ్ళని పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

"లోడు లేచాక ఊపిరి ఎప్పుడు తీసుకుంటావు?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. ఆమె ఆలోచించింది. లోడు లేవకముందు గుండె నిండా పీల్చుకునేది. ఊపిరి కోసం ఆగితే గొంతు ఆగుతుంది, గొంతు ఆగితే బ్రేకు పడుతుంది. అందుకని ఆ పీల్చుకున్నదాన్నే పొదుపుగా వాడుకుంటూ, లోడు నేలని తాకేదాకా లాక్కొచ్చేది. చిన్న గోతులప్పుడు సరిపోయింది. ఈ భవనం పెద్దది. మూల తిరిగేసరికే ఊపిరంతా ఖాళీ అయిపోతుంది.

"తీసుకోను" అంది. మాట బయటికి వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

"మరి మాట దేని మీద రావాలి?" అంది టీచరు. పక్క చాప దగ్గరికి వెళ్ళిపోయింది.

తెలిసినంత మాత్రాన భయం పోతుందా? పోలేదు. పైగా ఇప్పుడు ఊపిరి గురించి కూడా భయం పట్టుకుంది. బస్సులో, వంటింట్లో, రేకుల గదిలో తను ఊపిరి తీసుకుంటోందా లేదా అని చూసుకునేది. చూసుకుంటే ఇంకా అందేది కాదు. ఒక రోజు ఒంటి కాలి మీద నిలబడే ఆసనం వేస్తుంటే కాలు వణికిపోతోంది. వణుకుతూనే నిలబడింది, నిలబడి నిలబడి ధబ్బున పక్కనున్న అత్తగారి మీద పడింది.

"అమ్మా నా మోకాలు" అంది అత్తగారు.

"కాలు వణుకుతుంటే దించెయ్యచ్చు కదా" అంది టీచరు. "పడేదాకా ఎందుకు చెప్పవు? నొప్పి వస్తే ఎవరైనా ఆగచ్చని రోజూ చెబుతున్నానా లేదా?"

"అది ఇంటి దగ్గరా అంతే. జ్వరం వచ్చినా పడిపోయాకే మనకి తెలుస్తుంది" అంది అత్తగారు మోకాలు రుద్దుకుంటూ. దెప్పినట్టే అంది గానీ, అన్నాక కోడలి ముఖంలోకి కాస్తసేపు చూసింది.

భ్రామరి అనేది ఒకటి చేయించేవారు. చెవులు మూసుకుని, ఊపిరి వదులుతూ తుమ్మెదలా గొంతులో ఝుమ్మనాలి. నలుగురిలో గొంతు విప్పాలంటే ఆమెకి నాలుక పిడచకట్టుకుపోయేది. కానీ అత్తగారి ఝుంకారం ముందు తుమ్మెద ఎంత? పిండిమర ఆన్ చేసినట్టుండేది. ఆ మోత చాటున తను చిన్నగా ఏదైనా అన్నా ఎవరికీ వినబడదని ఆమెకి ధైర్యం వచ్చింది. ఒకసారి మెల్లగా అని చూసింది. ఊపిరి ఉన్నంతసేపు ఝుమ్మంది, అయిపోయాక ఆగింది, దానంతటదే మళ్ళీ నిండింది. ఎక్కడా బ్రేకు పడలేదు. ఇంకోసారి అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా గొంతు వెచ్చగా ఉంది.

ఆ తర్వాత ఒక పొద్దున అందరూ వెల్లకిలా పడుకుని కాళ్ళు నిట్టనిలువుగా ఎత్తారు. ఆమె గోడ దగ్గర పక్కకి తిరిగి పడుకుని చూస్తోంది. టీచరు మెల్లగా దించమని చెప్పి, తలుపు దగ్గరికి ఎవరో వస్తే అటు వెళ్ళింది. కాళ్ళన్నీ గాల్లో ఉన్నాయి. కొన్ని ఊగుతున్నాయి. అత్తగారి కాళ్ళయితే ఏ క్షణాన కూలతాయో అన్నట్టున్నాయి. చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"దించు" అంది. "మెల్లగా. దించు, దించు. ఎడమ కాలు ఆగాలి, కుడిది దించు. ఇప్పుడు రెండూ. దించు, దించు..."

తను అంటున్నానని కూడా ఆమెకి తెలీదు. హాలు మొత్తం ఆ గొంతు వెంట దిగింది. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది, కాళ్ళు కూడా ఉన్నచోటే ఆగి ఎదురుచూశాయి. తీసుకున్నాక "దించు" అంది. మళ్ళీ కదిలాయి. మడమలన్నీ చాపల్ని తాకాక గానీ ఆమెకి మెలకువ వచ్చినట్టు కాలేదు. టీచరు తలుపు దగ్గరే నిలబడి ఉంది. వచ్చిన మనిషి ఎప్పుడో వెళ్ళిపోయినట్టున్నాడు.

"రేపట్నించి దించడం నీ పని" అంది టీచరు. "ఎత్తడం నేను చూసుకుంటా."

ఆ రోజు తిరిగి వస్తుంటే భుజం లాగింది. ఆమె ఆగిపోయింది.

"అత్తయ్యా, కాసేపు సంచి మీరు పట్టుకోండి. నాకు చెయ్యి నొప్పిగా ఉంది."

అత్తగారు సంచి అందుకుంది. నాలుగడుగులు వేశాక, "ఇంత బరువుందా ఇది? ఇన్నాళ్ళూ చెప్పవేమే" అంది.

యంత్రం వచ్చే ముందు రోజు ఆమె ఇంజనీరు గదికి వెళ్ళింది. తలుపు దగ్గర నిలబడి, ఊపిరి వదిలి, "రేపు నేను చేస్తానండి" అంది. ఆయన తల ఎత్తి చూశాడు. "భయం పోయిందా?" అన్నాడు. "పోలేదండి" అంది. ఆయన బీరువా తాళం తీసి, ఆమె పాత వాకీటాకీ ఇచ్చాడు.

మర్నాడు తెల్లారుతూనే లేచింది. టీ గొంతు దిగలేదు. టీచరు చెప్పినవన్నీ ఒకటొకటిగా చేసింది, పొడుగ్గా వదిలింది, ఝుమ్మంది, చేతులు ఎత్తి దించింది. చేసినప్పుడు బాగానే ఉంది, సైటు గేటు కనబడగానే మళ్ళీ మొదటికొచ్చింది. తమ్ముడు పసుపు హెల్మెట్ పెట్టుకుని ఎదురొచ్చాడు.

"రేడియో మళ్ళీ మోగుతోందట కదా" అన్నాడు. "నేను కింద కళ్ళు మూసుకుని నిలబడతా."

"మూసుకోవద్దు" అంది ఆమె. "తెరిచే ఉంచు. గోడకి దూరంగా నిలబడు. లోడు మూల తిరిగేదాకా తాడు దగ్గరికి రావద్దు. నా మీద భరోసాతో ఆటలొద్దు."

తమ్ముడి నవ్వు తగ్గింది. అక్క తనకి ఎదురు చెప్పడం అతనికి కొత్త. "అలాగేనక్కా" అని దిగి వెళ్ళాడు.

గోతి అంచున తన పాత చోట నిలబడింది. చుట్టూ జనం. ఇంజనీరు చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. సైటులో ఉన్న వాకీటాకీలన్నీ ఆమె గొంతు కోసం తెరిచి ఉన్నాయి. మీట నొక్కింది.

"ఎత్తు" అంది. గొంతు కీచుగా వచ్చింది. "ఎత్తు, ఎత్తు, ఎత్తు..."

యంత్రం నేలని వదిలింది. దానితో పాటే ఆమె ఊపిరీ పైకి లేచి ఛాతీలో ఇరుక్కుంది. కానీ ఈసారి అది ఇరుక్కుంటోందని ఆమెకి తెలిసింది. వదిలింది. వదులుతూనే "ఎత్తు" అంది. మాటకీ మాటకీ మధ్య కాస్త కాస్త పీల్చుకుంది. పైవాడు కంగారు పడలేదు, క్రేను నిదానంగా కదులుతూనే ఉంది.

"చాలు. ఇప్పుడు తిప్పు. తిప్పు, తిప్పు, తిప్పు..."

యంత్రం భవనం మూలకి వచ్చింది. అదే మూల. గోడ మీద కట్ట కొట్టిన మచ్చ ఇంకా అలాగే ఉంది, పూడ్చలేదు. దానికి దూరంగా, కింద, పసుపు హెల్మెట్. ఆ రెండూ ఒకేసారి కళ్ళల్లో పడ్డాయి. గొంతు బిగుసుకోవడం మొదలైంది. పీల్చుకుందామంటే లోపలికి పోవట్లేదు. ఛాతీలో మిగిలింది ఒక్క మాటకి సరిపడేంత.

ఇంకొక్కసారి తిప్పు అనెయ్యి, మూల దాటేస్తుంది అంది లోపల పాత గొంతు. ఆ రోజూ అదే అంది. ఎప్పుడూ అదే అంటుంది, జ్వరం వచ్చినప్పుడూ, కాలు వణికినప్పుడూ. ఆ రోజు మిగిలిన ఒక్క ఊపిరినీ ఇంకో "తిప్పు" మీద పెట్టేసింది, తర్వాత దగ్గర ఏమీ లేకపోయింది.

"మెల్లగా ఆపు" అంది.

పైవాడు మెల్లగా ఆపాడు. చిన్న గదంత యంత్రం కాస్త కాస్తగా నెమ్మదించి, గాల్లో కదలకుండా నిలబడింది. ఆమె మీట వదిలింది. జనమంతా తలలెత్తారు, ఏం తెగిందోనని బెల్టుల వంక చూస్తున్నారు. ఇంజనీరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"అక్కా, ఏంటి?" తమ్ముడి గొంతు వాకీటాకీలో గరగరలాడింది. "బెల్టులు బాగానే ఉన్నాయి. ఇక్కడ అంతా బాగానే ఉంది."

క్రేను పనిలో ఆపమన్నవాళ్ళు ఎందుకు ఆపారో చెప్పాలి. గాలి ఎక్కువైందనో, బెల్టు జారిందనో, మనిషి అడ్డమొచ్చాడనో చెప్పచ్చు. ఏది చెప్పినా నమ్ముతారు. ఆమె మీట నొక్కింది.

"బెల్టు కాదు" అంది. "నాకే. నాకు ఊపిరి అందట్లేదు. భయంగా ఉంది. ఊపిరి తీసుకుంటున్నాను, అందరూ ఆగండి."

మీట వదల్లేదు. ఊపిరి వదిలింది. ముక్కలు ముక్కలుగా, చివర్లో తుమ్మెదలా మూలుగుతూ పోయింది. మళ్ళీ పీల్చింది. సైటులో ఉన్న ప్రతి వాకీటాకీలోంచీ ఆ చప్పుడు బయటికొచ్చింది, సిమెంటు కలిపేవాళ్ళ దగ్గరా, గేటు దగ్గరా, గోతిలో తమ్ముడి నడుం దగ్గరా. నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇంకోసారి వదిలింది, ఇంకోసారి పీల్చింది. గొంతు కాస్త కాస్తగా వదులైంది. అప్పుడు మీట మీంచి వేలు తీసింది.

లోడు గాల్లో ఉండగా పైవాడు మాట్లాడడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన గొంతు పనివేళ విన్నది లేదు. వాకీటాకీ గరగరలాడింది.

"నేనూ తీసుకున్నానమ్మా" అన్నాడు. "ఎత్తిన కాడి నుంచీ బిగబట్టుకునే ఉన్నా." ఊపిరి వదిలి, "ఇక చెప్పు" అన్నాడు.

ఆమె మీట నొక్కింది.

"తిప్పు" అంది రేడియో.